టేపు ఎవరి మెడలో ఉంది

సబ్బు కళ్లలో పడితే ఏడుస్తుంది, పడనివ్వకపోతే సబ్బునే తింటుంది, ఈ రెండింటికీ మధ్య దారేమిటో మా కప్పపిల్లకే తెలియాలి, ఏడాది దాటి ఎన్నాళ్లూ కాలేదు, నీళ్లు కనబడితే చాలు కాళ్లూ చేతులూ ఒక్కసారే లేస్తాయి, అందుకే మా నాన్న కప్పపిల్ల అన్నాడు, ఆ పేరే అతుక్కుపోయింది, వద్దు తల్లీ, నా మెడలో టేపు లాగకు, ఇది ఇప్పుడు బట్టలు కొలిచే టేపు కాదు, డ్యూటీ, నవ్వకు, నిజమే చెబుతున్నాను, తువ్వాలు పక్కనే ఉందా, ఉంది, గౌను ఉందా, ఉంది, మోచెయ్యి ముంచి చూశానా, చూశాను, గోరువెచ్చగానే ఉన్నాయి, ఇక మిన్ను విరిగి మీద పడ్డా నేను ఈ పీట మీంచి లేవను, ముందు గదిలో మిషను మోత వినబడుతోంది, అంటే మా ఆవిడ, కత్తెర కరకరలాడుతోంది, అంటే నాన్న, వంటింట్లో మూత కింద పడింది, అంటే అమ్మ, ఇల్లే మా కొట్టు, కొట్టే మా ఇల్లు, నలుగురం పొద్దస్తమానం ఇక్కడే, ఒకరు కత్తిరిస్తే ఒకరు కుడతారు, ఒకరు కాజాలు తీస్తే ఒకరు ఇస్త్రీ చేస్తారు, బట్టలివ్వడానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట, మీకేమండీ, ఇంటినిండా మనుషులు, పిల్ల దానంతటదే పెరిగిపోతుంది అని, మేమూ పొంగిపోయేవాళ్లం, అవును మరి, ఎనిమిది కళ్ల మధ్య ఉంది మా పిల్ల, దానికేం ఢోకా అని, ఆ ఎనిమిది కళ్లూ ఆరోజు ఏ గంగలో కలిశాయో.

కిందటి వారం, బ్యాండు మాస్టారి కోటు, ఎర్రది, ఇత్తడి బొత్తాలది, దాని లోపలి గుడ్డ నానబెట్టాం, కొత్త గుడ్డ నానబెట్టి ఆరెయ్యకుండా కత్తిరిస్తే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది, ఆ బకెట్లోంచి గుడ్డ తీసి వెనక వరండాలో దండెం మీద వేశాం, నీళ్లు మాత్రం పారబొయ్యలేదు, సగం బకెట్టు కూడా లేవు, మొక్కలకి పనికొస్తాయిలే అని ఎవరో అనుకున్నారు, ఆ ఎవరో ఎవరన్నది ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు, నేను కాలరు కుడుతున్నాను, వరండాలో తబతబమని నీళ్ల మీద కొడుతున్న చప్పుడు, ఎవరో పిల్లని ఆడిస్తున్నారు కాబోలు అనుకున్నాను, పాటకి తాళంలా బాగుందని కూడా అనుకున్నాను, ఇంతలో దారం పుటుక్కున తెగింది, మిషను ఆగింది, ఆగాక తెలిసింది వరండాలో ఏ చప్పుడూ లేదని, పిల్ల దగ్గర అమ్మ ఉందిలే అనుకుని తల తిప్పితే అమ్మ నా పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది, అయితే నాన్న, నాన్న బల్ల దగ్గర సుద్దముక్క వెతుక్కుంటున్నాడు, అయితే మా ఆవిడ, మా ఆవిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని నా ఎదురుగానే ఉంది, ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, అందరం ఇక్కడే ఉన్నాం, మరి దాని దగ్గర ఎవరు, స్టూలు దబ్బున పడ్డం గుర్తుంది, నేను పరిగెత్తడం గుర్తులేదు, పిల్ల బకెట్టు అంచు మీద బోర్లా వాలిపోయి ఉంది, పాదాలు నేలకి ఆనడం లేదు, మొహం నీళ్లని తాకుతోంది, ఎప్పుడు జారిపడిందో, అడుగున మెరుస్తున్న కోటు బొత్తం కోసం చెయ్యి చాస్తోంది, కేక లేదు, ఏడుపు లేదు, ఉలుకూ పలుకూ లేదు, గౌను వెనక పట్టుకుని లాగేసరికి చీదింది, తుమ్మింది, బొత్తం అందనివ్వలేదన్న కోపంతో నా చెంప మీద ఒక్కటిచ్చింది, అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ దెబ్బ, నేను భోరుమన్నాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

ఆ తర్వాత ఇంట్లో రేగిన గోల మాత్రం చెప్పనలవి కాదు, నీ దగ్గరుందనుకున్నా అని నేను, అత్తయ్య చూస్తున్నారనుకున్నా అని మా ఆవిడ, తాత దగ్గరికి పాక్కుంటూ వెళ్లడం నా కళ్లతో నేను చూశానే అని అమ్మ, నాన్న వెళ్లి బకెట్లో నీళ్లు పారబోశాడు, బకెట్టు బోర్లించాడు, దానిమీదే కూర్చుని, ఒరేయ్, పొట్టి చెయ్యి కోటు గుర్తుందా అన్నాడు, గుర్తులేకేం, అదీ ఈ మాస్టారిదే, చాలా ఏళ్ల కిందటి సంగతి, కుడిచెయ్యి నేను కొలిచాననుకుని నాన్న, నాన్న కొలిచాడనుకుని నేను, చివరికి ఎవరూ కొలవకుండానే కత్తిరించేశాం, పాపం ఆయన మోచేతి దాకా ఉన్న ఆ చేత్తోనే కర్ర ఊపుకుంటూ ఊరేగింపు ముందు నడిచాడు, చూసినవాళ్లు కొత్త ఫ్యాషన్ అనుకున్నారట, ఆనాటి నుంచి కొట్లో ఒకటే కట్టుబాటు, టేపు ఎవరి మెడలో ఉంటే వచ్చిన మనిషి వాళ్లకే సొంతం, రెండోవాళ్లు నోరెత్తకూడదు, నాన్న తన మెడలోంచి టేపు తీసి నా మెడలో వేశాడు, పిల్లకీ ఇంతేరా ఇకనుంచి, అది నీళ్ల దగ్గరున్నంతసేపూ టేపు ఎవరి మెడలో ఉంటే పిల్ల వాళ్లది, అని మిగతా టేపులన్నీ బీరువాలో పడేసి తాళం వేశాడు, ఒక్కటే ఉంటేగానీ అది ఎక్కడుందో అందరికీ తెలియదట, మా ఆవిడ స్నానాలగది తలుపుకి పైన ఎత్తున గొళ్లెం పెట్టించింది, బకెట్లన్నీ వరసగా బోర్లాపడ్డాయి, అమ్మకి మాత్రం పొడుచుకొచ్చింది రోషం, నలుగురు పిల్లల్ని పెంచి పెద్దచేశాను, ఈ వయసులో నా మెడకి పలుపేంట్రా అంది, ఇంతవరకూ టేపు వేసుకోలేదు, వేసుకోనిదే పిల్లని నేనివ్వలేదు, మా ఇద్దరికీ వారం నుంచి అవసరానికి తప్ప మాటల్లేవు.

అదుగో, ఎవరో తలుపు బాదుతున్నారు, బ్యాండు మాస్టారే, గొంతులోనే బ్యాండుంది ఆయనకి, సాయంత్రం వాయించాలి, కోటు నడుము దగ్గర బిగుసుకుంటోంది, చప్పున కొలిచి వదులు చెయ్యండి బాబూ అంటున్నాడు, ఒరేయ్ టేపు పట్రా అని నాన్న కేక, పిల్ల ఒంటినిండా నురగ, రానని అరిచాను, మిషను మోతలో ఎవరికి వినబడుతుంది, వచ్చింది అమ్మ, చేతిలో గరిటె, వెళ్లరా, నేను చూస్తాలే అంది, చూస్తాలే, ఆరోజు మేమందరం మనసులో అనుకున్న మాట ఇదే, ఆవిడ కళ్లేమో పొయ్యి మీద పాల వైపే ఉన్నాయి, మెడ వంచమ్మా అన్నాను, నాకు నేర్పుతున్నావురా, నిన్ను పెంచలేదూ నేను అంది, పెంచావమ్మా, అప్పుడు కొట్టు వేరేచోట, ఇంట్లో నువ్వొక్కదానివే, ఇంకెవరో చూస్తున్నారులే అనుకోవడానికి నీకెవరున్నారు అన్నాను, అనేశాక భయమేసింది, గరిటె పెట్టి ఒక్కటిస్తుందేమో అనుకున్నాను, అమ్మ పిల్లని చూసింది, బోర్లించిన బకెట్లని చూసింది, వంటింట్లోకి వెళ్లింది, పొయ్యి కట్టేసిన చప్పుడు, తిరిగొచ్చి పీట ముందు చతికిలబడి, వెయ్యి మరి, చూస్తావేం అని మెడ వంచింది, నేను వేశాను, కప్పపిల్ల చప్పట్లు కొట్టింది.

ఏదీ టేపు అంటాడు నాన్న, స్నానం చేస్తోంది అన్నాను, మాస్టారు నోరు తెరిచి, తర్వాత విషయం విని పొట్ట పట్టుకుని నవ్వి, కానియ్యండి, ఎదిగే పిల్ల ముందు, ఎదిగే పొట్ట తర్వాత అని బెంచీ మీద కూర్చుని ఏదో పాట ఈల వేస్తున్నాడు, కోటు ఆగింది, కత్తెర ఆగింది, మా ఆవిడ నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది, ఎవరి మెడలో అని, అమ్మ మెడలో అన్నాను, మా ఆవిడ బిగబట్టిన భుజాలు దించింది, లోపల తబతబమని నీళ్ల చప్పుడు, ఆ చప్పుడు వింటే చాలు వారం రోజులుగా లేచి వెళ్లి తొంగిచూడందే ఉండలేను, ఇవాళ చప్పుడు ఆగింది కూడా, నేను లేవలేదు, సూది తీసి దారం ఎక్కించాను, ఒక్కసారికే ఎక్కింది, ఎనిమిది కళ్లు ఎందుకు మా కప్పపిల్లకి, ఎవరివో తెలిస్తే రెండు చాలు.