లోకేశ్వరి చేతుల చెమట

ఒర్లియంపేట లోకేశ్వరి పొద్దున్నే పనికి బయలుదేరేటప్పుడు సంచిలో నాలుగు తుండుగుడ్డలు పెట్టుకునేది. కంగారు పడితే ఆమె అరచేతుల్లోంచి చెమట కారేది. ఆమె కంగారు పడని రోజు లేదు. బస్సు ఆలస్యమైనా చెమటే, ఫోను మోగినా చెమటే, మోగకపోయినా చెమటే. ఆ చెమట తగిలిన చోట క్రిమి అన్నది బతికేది కాదు. ఆమె పనిచేసే ల్యాబులో క్రిములు పెంచే గాజుపళ్లేలను ముట్టుకుంటే వాటిలో ఏమీ పెరిగేది కాదు. అందుకని ఆమెను రిపోర్టులిచ్చే కౌంటరుకు మార్చారు, అంతే. వీధిలో పిల్లలు మోకాలు చెక్కుకుపోతే "లోకేశ్వరక్కా, చెయ్యి పెట్టు" అని వచ్చి, పెట్టించుకుని ఆటకు పోయేవాళ్లు.

తమిళుల ఆడి నెలలో ఒక బుధవారం, తమ్ముడు నరేంద్రన్ వంటచేసే క్యాంటీనులో కాగే నూనె మూకుడు తిరగబడింది. అతని వీపంతా కాలిపోయింది. వారం తిరిగేసరికి పుండు పచ్చగా మారింది. జ్వరం దిగలేదు.

డాక్టర్ హరిహరన్ ఆమెను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. "చర్మం ఊరికే పైన కప్పిన గుడ్డ కాదమ్మా. తనకు కావలసిన మందు తనే తయారు చేసుకుంటుంది. చిన్నచిన్న ప్రోటీన్లు. క్రిమి ఒంటికి తూట్లు పొడిచి చంపుతాయి. చెమటలో కూడా ఉంటాయి. మీ తమ్ముడికి చర్మం పోయింది, దాంతో కాపలా పోయింది. ఈ క్రిమికి మా మందులూ పనిచేయడం లేదు."

"అయితే వాడు..."

"మీ చేతుల సంగతి ఈ వార్డు నర్సు రుక్మణి సిస్టర్ చెప్పింది. రేపట్నుంచి వచ్చి కూర్చోండి."

రుక్మణి రోజూ ఆమెకు గ్లౌజులు తొడిగేది. లోకేశ్వరి తమ్ముడి మంచం పక్కన కూర్చుని జ్వరం చీటీ చూసేది. నూట మూడు. గంటలో గ్లౌజుల వేళ్లు నిండి బరువెక్కేవి. రుక్మణి వాటిని గిన్నెలోకి వంచి, కట్టు కట్టే గాజుగుడ్డ అందులో తడిపి వీపు మీద పరిచేది.

"సాలునా సిస్టర్?"

"సాలదు. ఇంకా కావాల."

ఆ మాటకే మళ్లీ నిండేవి.

ఐదో రోజు జ్వరం నూటొకటికి దిగింది. ఆరో రోజు పుండులో పచ్చదనం తగ్గింది. ఏడో రోజు, బోర్లా పడుకున్న నరేంద్రన్ ఒక కన్ను తెరిచాడు. "అక్కా, ఈ ఆసుపత్రి సాంబారు నోట్లో పెట్టలేం. నేను లేసి పోయి చేస్తా."

లోకేశ్వరి పకపకా నవ్వింది. తర్వాత చూసుకుంటే గ్లౌజులు పొడిగా ఉన్నాయి.

"రాలేదు సిస్టర్! ఒక్క సుక్క కూడా రాలేదు!" గ్లౌజులు లాగేసి చేతులు పిసుక్కుంది. గుండె దడదడలాడుతోంది, అరచేతులు మాత్రం పొడి.

"నేను సచ్చిపోతానని అనుకో, వస్తది," అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యిరా!"

రుక్మణి వీపు మీది గాజుగుడ్డ ఎత్తి చూసింది. "ఇట్ట రా, సూడు."

పుండు నడుమ పెసరగింజలంత కొత్త చర్మం అక్కడక్కడా లేచింది, గులాబీ రంగులో. ఒక్కోదాని మీదా సూదిమొనంత తడి. రుక్మణి గుడ్డతో ఒత్తి తీసింది. మళ్లీ ఊరింది.

హరిహరన్ వంగి చాలాసేపు చూశాడు. "లోపల చెమటగ్రంథులు బతికే ఉన్నాయి. చర్మం వాటి నుంచే లేస్తోంది, తన మందు తనే ఊరుస్తోంది. ఇక మీరు ఇంటికి వెళ్లవచ్చు."

ఆమె వెళ్లలేదు. సాయంత్రం జ్వరం చూసేదాకా కూర్చుంది. తొంభై ఎనిమిది. మళ్లీ చూడమంది. అంతే ఉంది.

అప్పుడు వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడింది. తమ్ముడికి ఇక తన భయంతో పని లేదు. ఎండిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చాలాసేపు ఒళ్లో ఉంచుకుని కూర్చుంది.