బోర్లించిన రోలు

జల్లెడ ఊపుతూనే జీవమ్మ గుంతలోకి తొంగి చూసింది. బనగానపల్లె దాపున ఆ పాటిదిబ్బ మట్టిని రైతులు తాతల నాటి నుంచి ఎరువుకు తోలుకుపోయేవారు. ఇప్పుడు దాన్ని పురావస్తు శాఖ ప్రణీత మేడమ్ తవ్విస్తోంది. కింద ఐదొందల ఏళ్ల నాటి ఊరుందట. అదెందుకు పాడుబడిందో ఆమెకూ తెలియదు. జల్లించిన మట్టిలో కుండపెంకులు, ఎముక ముక్కలు ఏరి సంచుల్లో వేయడం జీవమ్మ పని.

గుంతలో కుంచెతో మట్టి దులుపుతున్నది ఆమె కూతురు నాగజ్యోతి. మేడమ్ ఆ సాయంత్రమే ఎర్రగుంట్ల వైపు ఇంకో తవ్వకానికి పోతూ జ్యోతినీ రమ్మంది. జీవమ్మ ఇంకా సరేననలేదు. ఈ ఊరు గత్తర రోగం తగిలి తుడిచిపెట్టుకుపోయిందని చిన్నప్పటి నుంచి విన్నది. చచ్చినోళ్ల బూడిద బిడ్డ ముక్కులోకి పోతుంటే ఆమెకు కూడు సహించడం లేదు.

“ముక్కుకు గుడ్డ కట్టుకోమే! ఆ గోడ కాన్నుంచి ఇవతలికి జరుగు!”

“ఐదొందల ఏండ్ల గత్తర నీ కూతురి కోసరమే కాసుకోనుండాదా జీవక్కా?” గుంతలోంచి ఓబులేసు పార ఆపి నవ్వాడు.

“నవ్వప్పా, నవ్వు. కన్నది నేను గదా.”

మధ్యాహ్నం జ్యోతి కుంచె కింద గుండ్రటి రాయి తేలింది. రోలే, కానీ తలకిందులుగా ఉంది.

“ఇల్లు కూలినప్పుడు దొర్లిందేమో” అంది మేడమ్.

జీవమ్మ జల్లెడ దించి, ఎన్నడూ దిగని గుంతలోకి దిగింది. రాతి చుట్టూ తడిమింది. కదలకుండా మూడువైపులా చిన్న రాళ్లు దోపి ఉన్నాయి. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. శ్రీశైలం డ్యాం నీళ్లొస్తాయని తమ ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. తలుపులు, వాసాలు, కోళ్లు బండెక్కాయి. రోలు ఎక్కలేదు.

“దొర్లలేదు మేడం, బోర్లించినారు. మాయమ్మా ఇట్లే చేసె. వట్టి రోలు నోరు తెరుచుకోనుంటే పోయినచోట కూడు పుట్టదంట. సావొచ్చి పడితే రాళ్లు దోపే తీరిక యాడుంటాది? వీళ్లు పిల్లాజెల్లను ఎక్కించుకొని నిమ్మళంగా పోయినారు.”

“యాడికి మా?” అంది జ్యోతి.

“ఏమో. నీళ్లుండే తావుకు పోయింటారు.”

మేడమ్ ఆ మాటలు రెండోసారి చెప్పించుకుని రాసుకుంది. “ఒక్క ఇంటితో తేలదు, ఇంకో నాలుగిళ్లు చూడాలి” అంది. జీవమ్మకు ఆ ఒక్క ఇల్లు చాలింది.

పొద్దు వాలుతుండగా వ్యాను దగ్గర ఆమె కూతురి తల నిమిరింది.

“పో. రాయెత్తేముందర కట్టెతో కదిలించు, తేళ్లుంటాయి. దినామూ ఫోను జెయ్యి.”

వ్యాను లేపిన దుమ్ము అణిగాక చూసింది. గుంత గట్టున జ్యోతి సగం తాగి పెట్టిన టీ గ్లాసు. దాని మీద నాలుగు మట్టివేళ్ల గుర్తులు, ఇంకా తడిగానే.