అతకని ముక్క

తమ్ముడికి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అంటే ఒళ్ళు మంట. అక్షరాలు కొట్టుకునే ఎడిటర్‌కి కూడా సోర్స్ కోడ్ తెచ్చుకుని, ఎవరెవరో రాసిన ప్యాచ్‌లు, అంటే కోడ్‌ని మార్చే ముక్కల కట్టలు, అతికించి, నడిచే ప్రోగ్రాంగా తనే కంపైల్ చేసుకోవాలి. ఏ ముక్కయినా అతకనని మొరాయిస్తే దాన్ని పక్కన పడేసి ముందుకు పోతాడు. కంపైల్ అయిందిగా, ఇంకేం కావాలంటాడు. ఆ పక్కన పడ్డ ముక్కలో ఏముందో మహానుభావుడు ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఆ ఉదయం తొందర కూడా తోడైంది. నాన్న తలలో గడ్డ సరిగ్గా మాటలుండే చోట పెరిగింది. మధ్యాహ్నం ఆపరేషన్. ఆ తర్వాత మాటలూ జ్ఞాపకాలూ ఏపాటి మిగులుతాయో చెప్పలేనని డాక్టర్ ముఖం మీదే అనేశాడు. అమ్మ పోయేనాటికి తమ్ముడు చంటిపిల్లాడు. ఆవిడ ఆఖరి రోజుల ఊసెత్తితే చాలు, ఇన్నేళ్ళూ నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. అలాంటి మనిషి ఇవాళ తనంతట తనే నోరు విప్పాడు.

"చెబుతా, రాసుకోండి. అక్షరాలు పెద్దగా పెట్టండి, నాకూ కనపడాలి."

తమ్ముడు పెద్ద అక్షరాల ప్యాచ్ వెతికి అతికించాడు. ఒక ముక్క అతకలేదని తెర చెప్పింది. మామూలుగానే వినిపించుకోలేదు. కంపైల్ చేసి, లాప్‌టాప్ అక్క ముందు పెట్టి, పని అప్పజెప్పి వచ్చేస్తానని ఆఫీసుకి పరిగెత్తాడు. అక్క కోర్టులో టైపిస్టు. ఎవరెంత గబగబా చెప్పినా ఒక్క మాట జారనివ్వదు.

ఆఫీసులో మేనేజర్ మీటింగులో ఉన్నాడు. ఊరికే కూర్చోలేక తమ్ముడు అక్కడి కంప్యూటర్లోనూ అదే ప్యాచ్ వేశాడు. మళ్ళీ అదే ముక్క మొరాయించింది. తోచక, మొదటిసారి, తెరిచి చదివాడు.

ప్యాచ్ రాసినవాడు పనిలో పనిగా సేవ్ చేసే పద్ధతి కూడా మార్చాడు. పాత కోడ్‌ని పీకేసే ముక్క చక్కగా అతికింది. కొత్తది పెట్టాల్సిన ముక్కే బయట ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఎడిటర్ సేవ్ అయిందని చెబుతుంది. చెప్పడం వరకే.

అక్క ఎడిటర్ మూయకుండా ఉంటే చాలు, ఎలాగోలా కాపీ చేయొచ్చు. అక్కకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఆసుపత్రికి పరిగెత్తేసరికి వరండాలో అక్క లాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, లాప్‌టాప్?"

"సేవ్ అయిందని వచ్చిందిరా. ఆపేసి తెచ్చా. ఏంటలా చెమటలు?"

తెరిచాడు. ఫైల్ ఖాళీ.

అప్పుడే నాన్నని స్ట్రెచర్ మీద తీసుకొస్తున్నారు. తమ్ముడు పక్కనే పరిగెత్తాడు.

"నాన్నా, అమ్మ సంగతి నాకు నీ నోటితో చెప్పవా? ఒక్కసారి."

మత్తుమందుకి నాన్న కళ్ళు మూతపడుతున్నాయి. "రెండోసారి నావల్ల కాదురా. చివర్లో అమ్మ నీకని చెప్పిన మాట ఉంది. చదువుకో."

తలుపులు మూసుకున్నాయి.

తమ్ముడు వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నీకు గుర్తుంటుంది కదక్కా? అమ్మ నాకేం చెప్పింది?"

అక్క వాడి మొహంలోకి చూసింది, తర్వాత ఖాళీ తెరలోకి. ఆమె మొహం పాలిపోయింది.

"టైపు చేసేటప్పుడు నేను వినన్రా. వింటే వేళ్ళు ఆగిపోతాయి."

అయినా కళ్ళు మూసుకుని, వేళ్ళు మీటల మీద పెట్టి, అవే కదులుతాయేమోనని చాలాసేపు ఎదురుచూసింది.