జనరల్ చావని ఆట

నేను ఒక సినిమా తెరను. ఈ క్షణాన నా గుండెల్లో జానెడు చిరుగు ఉంది. అందులో ఒక పెద్ద టార్చిలైటు సగం దిగబడి వేలాడుతోంది. హాల్లో దీపాలన్నీ వెలిగాయి. జనం బెంచీలెక్కి ఈలలు వేస్తున్నారు. మేనేజరు శేషావతారం గేటుకీపరు సైదుల్ని చొక్కా పట్టుకుని నా ముందుకు ఈడ్చుకొస్తున్నాడు. ఆ టార్చి సైదులుదని ఊరందరికీ తెలుసు.

నొప్పి ఉందా అని అడక్కండి. మద్రాసులో నన్ను కుట్టినప్పుడే ఒళ్ళంతా సన్నటి రంధ్రాలు పొడిచారు, వెనకున్న స్పీకర్ల గోల బయటికి రావాలని. మొదట ఒంగోల్లో ఒక హాలువాళ్ళు కొన్నారు. ఆ హాలు కల్యాణమండపం అయ్యాక ఈ పిడుగురాళ్ళ టాకీసువాళ్ళు చవగ్గా తెచ్చి, గోడకు సరిపడా అంచులు కత్తిరించి బిగించారు. నా మీద ఎంతమంది చచ్చారో లెక్కలేదు. బొమ్మ ఆగగానే మళ్ళీ తెల్లగానే ఉంటాను.

ఈ వారం ఆడుతున్నది డబ్బింగు యుద్ధం సినిమా. తన దళాన్ని శత్రువుకి అమ్మేసిన ఆఫీసర్లను ఒక వంట సిపాయి వరసగా చంపుతాడు. ఒకణ్ణి పెనంతో కొట్టి, ఇంకొకణ్ణి పప్పు గుండిగలో ముంచి. చంపిన ప్రతిసారీ శవానికి సెల్యూట్ కొట్టి, భోజనం రుచిగా ఉందా సార్ అని అడుగుతాడు. మొదటిరోజు జనం పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి వాడికంటే ముందే లేచి వాళ్ళే సెల్యూట్ కొడుతున్నారు. పొద్దస్తమానం సున్నపు బట్టీల్లో మేస్త్రీ తిట్లు తిని వచ్చినవాళ్ళకి అంతకుమించిన విందేముంది? ఇంట్లో కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా నా మీద పీకలు తెగుతుంటే పల్లీలు ఒలుచుకుంటారు.

ఇవాళ మ్యాట్నీలో ఆ ఆఫీసర్లలో ఆఖరివాడు, జనరల్, జీపెక్కాడు. జనం చేతులు నుదుటిదాకా ఎత్తి సిద్ధంగా నిలబడ్డారు. జనరల్ వెనక్కి తిరిగి నవ్వాడు. బొమ్మ ఒక్క గెంతు గెంతి ‘శుభం’ మీద పడింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. అప్పుడొచ్చి తగిలింది టార్చి.

గోల విని ఓనరు బసవయ్య గారు బాల్కనీ దిగి వచ్చారు. దీనికి కారణమైనవాడెవడైనా సరే, ఈ పూటతో వాడికీ హాలుకీ చెల్లు అన్నారు.

“వీడేనండీ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం,” అన్నాడు శేషావతారం.

సైదులు బట్టీ పొగకి ఊపిరి చెడి ఈ పనిలో చేరినవాడు. ఇది పోతే మళ్ళీ ఆ పొగలోకే పోవాలి. ఆట మొదలయ్యాక వచ్చిన ఒకావిడకి, సీటు వెతుక్కోమని టార్చి ఇచ్చాడు. ఆ పేరు చెబితే ఎవరి పరువు పోతుందో వాడికి తెలుసు.

ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఆవిడే లేచింది. సుభద్రమ్మ, మేనేజరు భార్య. ఈ సినిమాకి రోజూ వస్తోంది. అందరికంటే గట్టిగా నవ్వేదీ, ముందుగా సెల్యూట్ కొట్టేదీ ఆవిడే.

“వాణ్ణి వదలండి. టార్చి విసిరింది నేను.”

ఎందుకమ్మా అన్నారు బసవయ్య గారు.

“నిన్నటిదాకా ఆ జనరల్ చచ్చాడండీ. ఇవాళ నవ్వుకుంటూ పోయాడు. చెయ్యి ఆగలేదు.”

అప్పుడు ఆయన ఆపరేటర్ని పిలిపించి, చావు సీను ఏమైందని అడిగారు. కోశానండి, రోజుకి ఇంకో ఆట పడాలంటే కొయ్యమన్నారు అన్నాడు వాడు. ఎవరన్నారంటే తల దించుకున్నాడు. శేషావతారం సైదులు చొక్కా వదిలేసి నా చిరుగుకేసి చూడసాగాడు.

“నేను చెబుతాను,” అంది సుభద్రమ్మ. “అన్నం తింటూ అన్నారు, ఆ చివరి చావు దండగని.”

“ఎవరమ్మా అన్నది?”

పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ మొగుడి పేరు పలికి ఎరగదు. ‘ఆయన’ అంటుంది, ‘మా వాళ్ళు’ అంటుంది. బెంచీల మీదవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. కొంగు నడుముకి బిగించుకుని ఆవిడ మొగుడి కళ్ళలోకే చూసింది.

“శేషావతారం,” అంది.