తడవని బొంత

ఆ చేత్తోనే కదా పెట్టింది, ఇప్పుడు అదే చేత్తో నా కూతురి కాళ్లు పడుతోంది, ఎంత ప్రేమో, బక్రీదు నాడు నిప్పుల మీద పైపైన కాల్చిన కుర్బానీ మేక కార్జం, లోపల ఇంకా ఎర్రగానే ఉంది, నా కళ్లతో చూశాను, తొలిముక్క పిల్లల నోట్లోనే పడాలంటూ నాలుగేళ్ల షబానాకి కుక్కింది మా ఆడపడుచు చాంద్ సుల్తానా, ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురుందా, మూడోరోజుకి నెత్తుటి విరేచనాలు, మా ఆయన ఇద్రీస్ స్టీల్ ప్లాంట్ పనికని పొద్దున్నే గాజువాక బస్సెక్కేస్తాడు, అక్కని పల్లెత్తు మాట అనడు, ఈ ఆసుపత్రి వరండాలో ఫినాయిల్, పక్కనే ఆవిడ అత్తరు, గోడకి ఆనుకుని నిలబడ్డాను, ఏటలా సూత్తన్నావ్ నూరూ, కూకో, పడిపోతావ్ అంటోంది, ఆవిడ చెబితే కూర్చోవాలా, కూర్చోను, నా పిల్లకేమైనా అయితే ఈవిణ్ణి వదలను.

బాగైపోయిందనే అనుకున్నాను, విరేచనాలు కట్టాయి, ముఖం కూడా కాస్త నిండింది, అన్నిటికీ మించి ఆ తాయెత్తు, పక్క తడపకూడదని దర్గాలో కట్టించింది నేనే, రోజూ బొంత పిండలేక చేతులు పడిపోయేవి, ఈవిడ నవ్వేది, దారం కడితే ఉచ్చ ఆగుద్దేటి అని, అందుకే మొన్న పొద్దున్న పొడి బొంత తీసుకెళ్లి ఆవిడ ముఖం ముందు దులిపాను, నిన్న కూడా, సూడు ఆపా, సుక్క తడి లేదు అన్నాను, ఆవిడ నవ్వలేదు, బొంతంతా తడిమి, పగలైనా పోసిందేటే, మొకం ఉబ్బినట్టుంది, డాక్టరుకి సూపిద్దాం అంది, ఓర్వలేకే అనుకున్నాను, నీ పని నువ్ సూసుకో అన్నాను, ఈ పొద్దున్న పిలిస్తే పిల్ల పలకలేదు, అప్పుడుగానీ రిక్షా ఎక్కలేదు.

డాక్టరు అచ్యుతరామయ్యగారు షబానా కాలి మీద వేలితో నొక్కారు, పడిన గుంట అలాగే ఉండిపోయింది, ఇలాంటి విరేచనాల తర్వాత ఒక్కోసారి పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయమ్మా, ఆఖరుసారి ఉచ్చ ఎప్పుడు పోసింది అంటున్నారు, ఆవిడ నా వైపు చూసింది, చెప్పేయొచ్చు కదా, నా ముఖం మీద దులపొచ్చు కదా, తలొంచుకుని కాళ్లు పడుతూనే ఉంది, కార్జం పెట్టింది ఆవిడే, అది చచ్చినా మరచిపోను, కానీ ఆ రెండు రోజులూ పోగొట్టింది నేను, రొండు రోజులైందండి, పొయ్యలేదని నానే సంబరపడ్డాను.