నాణెం మీది గడ్డం

ఆయన పోయి ఇరవై రెండు రోజులైంది. నాకింకా ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళంతా పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయా అన్నట్టు నా మొహంలోకే చూస్తున్నారు. నేను మాత్రం సోమవారం రాగానే గాజు సీసాలో నీళ్ళు మారుస్తున్నాను.

సీసాలో ఉన్నది ఒక కంచు నాణెం. రోమన్ చక్రవర్తుల కాలం నాటిది. అలాంటివాటిని ఆయన ముప్పై ఏళ్ళుగా సేకరించి, అరల పెట్టెలో పేర్లు రాసి దాచారు. దీనికి మాత్రం పేరు లేదు. మట్టి కరుడుగట్టి, ఏ వైపు చూసినా ఏమీ కనబడదు. బ్యాటరీల కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వారానికోసారి పళ్ళపుల్లతో కాస్త కాస్త గీకాలి. పదకొండు నెలలు అదే పని. ఆ ఓపికలో పావు వంతు నా మీద చూపించి ఉంటే మా కాపురం ఇంకోలా ఉండేది.

మొదటి రోజే పందెం వేసుకున్నాం. మొదట్లో వచ్చిన చక్రవర్తులు నున్నగా గీసుకునేవాళ్ళట, తర్వాతివాళ్ళు గడ్డాలు పెంచారట. ఇందులో ఉన్నాయనకి గడ్డం ఉండదన్నారు ఆయన. ఆయన ఉండదన్నారు కాబట్టి నేను ఉంటుందన్నాను. ఓడినవాళ్ళు ఒక రోజంతా నోరెత్తకూడదు.

"నీకు రోజంతా అంటే కష్టం. ఓ గంట పెట్టుకుందాం," అన్నారు.

"కుదరదు. రోజంటే రోజే," అన్నాను.

ఈ సోమవారం మా మరిది వచ్చాడు. సీసా చూసి నిట్టూర్చాడు.

"ఇంకా దీన్నే పట్టుకుని కూర్చున్నావా వదినా? నిమ్మకాయ, ఉప్పు వేసి తోమితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇలా ఇవ్వు."

"పులుపు తగిలితే పైపొర ఊడుతుంది. మొహమూ దాంతోనే పోతుంది. అక్కడ పెట్టు."

"పోతే పోనీ. నువ్విలా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మాకు భయంగా ఉంది."

"నేను బానే ఉన్నాను. ఆ నీళ్ళ డబ్బా అందుకో."

అబద్ధమేమీ కాదు. వేళకి తింటున్నాను, రుచి తెలియడం లేదు. పడుకుంటున్నాను, లేస్తున్నాను. ఎక్కడా నొప్పి లేదు.

నాణేన్ని గుడ్డ మీద పెట్టి పుల్లతో గీకాను. చెవి కింద మట్టి చిన్న పెచ్చుగా లేచింది. ఇంకొంచెం గీకాను. మరిది వాళ్ళన్న భూతద్దం తీసుకుని వంగి చూశాడు.

"రింగులు రింగులుగా ఉంది. గడ్డమే వదినా. నువ్వే గెలిచావు," అన్నాడు. పందెం సంగతి వాడికీ తెలుసు.

ఆయన కుర్చీ వైపు తిరిగాను. పదకొండు నెలలుగా దాచుకున్న మాట దానంతటదే వచ్చేసింది.

"ఏవండీ, ఓడిపోయారు. ఇవాళంతా నోరెత్తడానికి వీల్లేదు."

కుర్చీ అలాగే ఉంది. మరిది భూతద్దం కింద పెట్టేశాడు.

"ఒక్క రోజే కదండీ అన్నాను," అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు.