ఆకు లేని పొడపత్రి

మా తిరువళ్లూరు కంపెనీలో పొడపత్రి క్యాప్సూల్ తయారుచేసింది నేనే. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మా మేనమామ గోవిందస్వామి కోసం చేశాను. ఆర్.కె.పేటలో మగ్గం నేస్తాడు. షుగరొచ్చి కాలి వేలొకటి పోయినా తీపి మానడు. పొడపత్రి నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. అందుకే ఆ ఆకంటే ఆయనకు ఒళ్లుమంట. సారం తీసి గుల్లలో నింపితే నాలుకకు తగలకుండా కడుపులోకి పోతుంది, డాక్టరు మాత్రలకు తోడుగా ఉంటుందని నా ఆశ.

మా యజమాని నటరాజన్ సార్ ఆశ వేరు. ఆడికృత్తిక పండగ నాడు తిరుత్తణి కొండ కింద పందిరి వేసి, కావడి భక్తులకు ఊరికే పంచి పేరు తెచ్చుకోవాలని. డబ్బా మీద 'ఇది మందు కాదు' అని చీమంత అక్షరాలు. సార్ మైకు పట్టుకుంటే అది మందు కాక మరేమీ కాదు. డబ్బా మీద వేయడానికి నాకు తెల్లకోటు తొడిగి ఫొటో కూడా తీయించాడు.

పంచుతుండగా ఒకావిడ డబ్బా తిప్పి చూసింది.

"ఏందయ్యా, ఎర్ర గుర్తుండాది? ఇది మాంసమా?"

గుల్ల జంతువుల ఎముకలతో చేసిన జెలటిన్. శాకాహారపు గుల్లలు వాడదామని నేను మొత్తుకుంటే ఖర్చని సార్ వినలేదు. కృత్తిక ఉపవాసమున్న జనం చేతుల్లో ఇప్పుడు ఎముకల గుల్ల.

సార్ తడుముకోలేదు. "గుల్లలో ఏముండాది తల్లీ? విప్పి పొడి నాలిక మింద పోసుకోండి. గుల్ల పారేయండి."

"వద్దు సార్, నాలికకు తగిలితే..."

"నువ్వు సుమ్మా ఉండు శశికళా," అని సార్ నా నోరు మూయించాడు.

విప్పారు, పోసుకున్నారు, మందంటే ఇట్లుండాలని మెచ్చుకున్నారు కూడా. వెంటనే పంచామృతం పంచారు.

కావడి దించి వచ్చి, అందరితోపాటు పొడి పోసుకున్న మా మామే మొదట ఆగిపోయాడు. "ఏమే, పెసాదంలో తీపే లేదే. మట్టి తిన్నట్టుండాది."

అందరికీ అంతే. బెల్లం, అరటిపండు, తేనె అన్నీ చప్పన. ఎముకలు తెచ్చినందుకు స్వామికి కోపమొచ్చిందని ఎవరో అనేసరికి జనం చెంపలేసుకున్నారు.

"స్వామి కాదు, ఆకు. నా ఆకు పనిచేస్తాండాది," అన్నాను. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు చేసినావే," అని మామ నన్నే తిట్టాడు.

మర్నాడు సార్ పిలిచాడు. "ఆ ఆకు తీసెయ్యి. దానివల్లే గదా గలాటా."

"ఆకు లేకుంటే పొడపత్రి యాడవుతాది సార్?"

"డబ్బా మింద ఆకు బొమ్మ ఉండాది గదా."

తీయనన్నాను. నన్నే తీసేశాడు. నా తర్వాత వచ్చినవాడు బియ్యప్పిండి నింపాడు. ఇప్పుడది తెగ అమ్ముడుపోతోంది.

పోయిన వారం మామ ఇంటికి వెళ్లాను. రెండో కాలికి కొత్త కట్టు. గుల్ల విప్పి పొడి నాలుక మీద పోసుకుని, పాయసం గిన్నె ముందుకు లాక్కున్నాడు.

"ఇప్పుడు కుదిరినాది శశీ మందు. తీపి బాగా తెలస్తాది. డాక్టరు మాత్రలు గూడా మానేసినా."

"అది వట్టి బియ్యప్పిండి మామా. దాన్ని నమ్మొద్దు."

మామ నవ్వి డబ్బా తిప్పి నా ముందు పెట్టాడు. దానిమీద తెల్లకోటు వేసుకుని నేను నవ్వుతున్నాను.

"దాన్నెవరు నమ్మినారే? నిన్ను నమ్మే గదా తింటాండేది," అని పాయసం నోట్లో పెట్టుకున్నాడు.